ఒక గుండు, ఒక గుడ్డ

తెల్లవారేసరికి గొట్టం తయారైంది.

కమ్మరి నాగసాని దాన్ని రెండు చేతుల మీద మోసుకొచ్చి, పురిటిబిడ్డను తండ్రికి చూపించినట్టు మాచన ముందు పెట్టింది. ఎర్రబండ గుహలో కొలిమి ఇంకా మినుకుమినుకుమంటోంది. ఆ వెలుగులో గొట్టం కుబుసం విడిచిన నల్లతాచులా నిగనిగలాడింది. మూతి చుట్టూ తామరరేకులు, మడమ దగ్గర నోరు తెరిచిన మకరం. లోపల మాత్రం ఏ అలంకారమూ లేదు. మెలికలు తిరిగిన గాడులు ఉన్నాయి. గుండు ఆ గాడుల వెంట గిరగిర తిరిగి బయటికి వస్తే, బాణం చేరలేని చోటికి చేరుతుంది.

మాచన గొట్టాన్ని పాత తుపాకి కర్రకు బిగించాడు. బాగుందనలేదు. నాగసాని కూడా ఆ మాట కోసం ఎదురుచూడలేదు.

లోయకు ఆవలి ఒడ్డున శంఖశిల ఉంది. కిందనుంచి పైదాకా దొలుచుకుపోయిన నిలువురాయి అది. గాలి దానిలో దూరినప్పుడల్లా శంఖం ఊదినట్టు బొబ్బపెడుతుంది. దాని కొనమీద మాంత్రికుడు కాకోలుడు ప్రతి అమావాస్యకూ ఒక మనిషిని నిలబెట్టి తలమీద స్ఫటికదీపం పెడతాడు. అస్తమించే సూర్యుడి ఆఖరి కిరణం తగలగానే దీపం దానంతటది వెలుగుతుంది. మోసిన మనిషి బూడిదైపోతాడు. ఆ మనిషికి మిగిలిన ఆయుష్షు కాకోలుడికి చేరుతుంది. దీపం పగలనంతకాలం అది వాడిలో నిలుస్తుంది.

పోయిన అమావాస్యకు దీపం మోసింది మాచన భార్య ఆదెమ్మ. మాచన ఈ ఎర్రబండ మీదనుంచే దీపానికి గురిపెట్టి కాల్చాడు. కంకణగిరి రాజ్యంలో అతనంతటి తుపాకీదారు లేడని పేరు. ఆ రోజు గుండు జానెడు పక్కకు పోయింది.

ఎందుకు పోయిందో మాచనకు తెలుసు. అంతకుముందు వానల్లో యువరాజు మణిధరుడు ఆ తుపాకీని వేటకు అడిగి తీసుకెళ్ళాడు. ఒక దుప్పిని కొట్టి, తుపాకీని కడగకుండా తుడవకుండా చిలక్కొయ్యకు తగిలించాడు. కాలిన మందు మసి చెమ్మ పీల్చింది. చెమ్మ తుప్పయింది. తుప్పు గాడుల్ని తినేసింది. అది మాచన చేతికి తిరిగి వచ్చింది ఆదెమ్మను ఎత్తుకుపోయిన రోజున. లోపల చూసుకునే వ్యవధి లేకపోయింది.

ఇవాళ మళ్ళీ అమావాస్య. ఇవాళ దీపం మోసేది అతని కూతురు పున్ని.

రాజు కాకోలుడికి భయపడి కోట తలుపులు మూసుకున్నాడు. మణిధరుడొక్కడే ముఖానికి మసి పూసుకుని, బొగ్గులమ్మేవాడి వేషంలో మాచన వెంట వచ్చాడు. మాచన అతన్ని రమ్మనలేదు, పొమ్మనలేదు.

"గొట్టం వచ్చింది కదా," అన్నాడు మణిధరుడు. "ఇక పొద్దుగూకేదాకా కనపడకుండా ఉంటే చాలు."

నాగసాని నవ్వింది. పొగతాగిన గొంతు ఆమెది. "ఏం బొగ్గులయ్యా, కోడెను సంతనుంచి తెచ్చిన పూటే బండికి కడతావా? కాడి కింద పడేసిందనుకో, ఎవరిదంటావు తప్పు?"

"ఇనుముకు కూడా మచ్చిక కావాలా?"

"కావాలి నాయనా. గాడుల అంచులు ఇంకా రంపం పళ్ళలాగే ఉన్నాయి. గుండునూ గీస్తాయి, గుండుకు చుట్టిన గుడ్డనూ కోస్తాయి. ఒక గుండు కాల్చాలి, ఒక గుడ్డ పెట్టి తుడవాలి. మళ్ళీ ఒక గుండు, ఒక గుడ్డ. తుడవకుండా రెండోది కాల్చావంటే, మొదటి గుండు వదిలిన సీసాన్ని రెండోది గాడుల్లోకి ఎక్కించి మెత్తేస్తుంది. ఇక జన్మకు వదలదు."

"ఎన్నిసార్లు?"

"అది చెప్పేదాకా," అంది నాగసాని గొట్టం వైపు గడ్డం చూపించి.

మణిధరుడు ఆకాశం వైపు చూశాడు. "ఆలస్యం అమృతం విషం అన్నారు. ఇంత స్నానమెందుకు మాచనా దీనికి?"

మాచన తలెత్తాడు. "మీరు దానికి స్నానం చేయించలేదు, దొరా. అందుకే నా పెళ్ళానికి చివరి స్నానం చేయించడానికి కూడా నాకేమీ మిగల్లేదు."



గుహ వెనక ఎత్తైన రాళ్ళ మధ్య ఇరుకు సందు ఉంది. దాని చివర మట్టికట్ట. మాచన కొమ్ములోనుంచి మందు కొలిచి గొట్టంలో పోశాడు. పొట్టేలు కొవ్వు రాసిన నూలుగుడ్డలో సీసపు గుండు పెట్టి, గజం కర్రతో గొట్టం అడుగుదాకా దట్టించాడు. చింతచేవతో చేసిన కర్రగజం అది. ఇనుప గజాన్ని నాగసాని తన గుహలోకే రానివ్వదు. తుపాకి వత్తి ముట్టించి, శంఖశిల ఊదడం కోసం ఆగాడు. గాలి లేచింది. లోయ అవతల రాయి బొబ్బపెట్టింది. ఆ మోతలో తుపాకి మోత కలిసిపోయింది.

నాగసాని సందులోకి వెళ్ళి, గుండుతోపాటు బయటికి వచ్చి పడిన గుడ్డను ఏరి తెచ్చింది. పిల్లి గోళ్ళకు చిక్కిన దారపు ఉండలా పీలికలైపోయింది అది.

"చూశావా బొగ్గులయ్యా? పీలికలు. ఇంకా కరుస్తోంది ముండ."

మాచన కొలిమి మీద మరుగుతున్న నీళ్ళు ముంచి గొట్టంలో పోశాడు. నల్లటి నీళ్ళు కారాయి. తెల్లటి నీళ్ళు వచ్చేదాకా పోశాడు. తరువాత గజానికి గుడ్డ చుట్టి, ఎడమ అరచేతిని గొట్టం మూతికి అడ్డం పెట్టి, వేళ్ళ సందునుంచి గజాన్ని దించాడు. తల్లి బిడ్డకు తలంటేటప్పుడు కళ్ళలో నీళ్ళు పడకుండా నుదుటికి చెయ్యి అడ్డం పెడుతుంది. అలా. మూతి అంచును గజం ఒరుసుకోకూడదు. గుండు గొట్టాన్ని వదిలేముందు ఆఖరుగా తాకేది ఆ అంచునే. అక్కడ వెంట్రుకంత గీత పడితే లోయ అవతల జానెడు తేడా వస్తుంది. తుపాకి కొలుముల మీద పుట్టినవాళ్ళు మాట రాకముందే నేర్చుకునే పని అది. ఆ చెయ్యి ఎందుకు పెడుతున్నామో కూడా వాళ్ళు మరిచిపోయి ఉంటారు.

తుడిచాక గొట్టాన్ని నీడలో పెట్టాడు. చల్లారేదాకా ముట్టుకోలేదు. చన్నీళ్ళు చల్లుదామా అని మణిధరుడు అడిగితే, నాగసాని అతని చేతిలో చెంబు లాగేసుకుంది.

"కాగిన ఇనుముకు చన్నీళ్ళు పోస్తే వంకరపోతుంది. పెళ్ళికొడుకు నడుం వంగితే పెళ్ళి ఎవరితో చేస్తావు?"

కాల్చడం, కడగడం, తుడవడం, చల్లార్చడం. ఎండ గుహ వాకిట్లోకి వచ్చింది, వాకిలి దాటిపోయింది. గుడ్డలు పీలికలుగానే వస్తున్నాయి. కాకపోతే పీలికలు పెద్దవవుతున్నాయి.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి, మాచన అప్పుడే కాల్చి గజం చేతిలోకి తీసుకున్నాడో లేదో, సందులో నీడలు పరుగెత్తాయి.

రాబందులు. కాకోలుడి కావలి పక్షులు. ఒక్కొక్కటి గుర్రప్పిల్లంత ఉన్నాయి. మెడలు చర్మం ఒలిచిన కొమ్మల్లా ఉన్నాయి. ముక్కులకు ఇత్తడి తొడుగులు, ఆ తొడుగుల అంచుల్లో వజ్రపు మొనలు. రెక్కలు విదిలిస్తే శవాల మీద కప్పిన గుడ్డ దులిపినట్టు వాసన కొట్టింది. మందు పొగ వాసన పట్టి వచ్చాయవి.

"కాల్చు మాచనా," అని అరిచాడు మణిధరుడు.

మాచన కాల్చలేదు. తుడవని గొట్టం అది. తుపాకీని నేలమీద పెట్టి, దానిమీద బోర్లా పడుకున్నాడు. మొదటి రాబందు అతని వీపు మీద వాలి ముక్కుతో దున్నింది. రెండోది కుడి భుజాన్ని పట్టింది. అతను పళ్ళు బిగించి, అరచేతిని గొట్టం మూతి మీదనుంచి తియ్యకుండా అలాగే పడి ఉన్నాడు.

మణిధరుడు బొగ్గుల గోనెలోనుంచి కత్తి దూశాడు. వీపు మీదున్నదాని మెడ తెగిపడింది. నాగసాని పట్టకారుతో ఎర్రగా కాలిన ఇనుపకడ్డీ పట్టుకుని వచ్చి, భుజం పట్టినదాని కంట్లో పొడిచింది. అది గోడకు కొట్టుకుని కూలింది. ఇంకొకటి మణిధరుణ్ణి కాళ్ళతో ఎత్తబోయింది. అతను ఎగిరి దాని మెడ పట్టుకుని, దానితోపాటే రాళ్ళమీద దొర్లి, దాన్ని కిందేసి నరికాడు. ఆఖరిది మాత్రం రాళ్ళ సందునుంచి తప్పించుకుని శంఖశిల వైపు ఎగిరిపోయింది.

"కబురు మోసింది," అంది నాగసాని. "ఇక అక్కడినుంచి ఏదో ఒకటి వస్తుంది."

మాచన లేచాడు. వీపునుంచి నెత్తురు నడుం దాకా కారుతోంది. ముందు గొట్టంలోకి చూసుకున్నాడు. "గుడ్డ," అన్నాడు.

"ఆ వీపుకు కట్టు కట్టనీ ముందు," అంది నాగసాని.

"ముందు గొట్టం."

మాచన తుపాకీని, గజాన్ని గుహలోకి తెచ్చి కొలిమి పక్కన నేలమీద పెట్టాడు. నాగసాని గొణుక్కుంటూ ఊటనీళ్ళు తేవడానికి బాన ఎత్తుకుని గుహ వెనక్కి వెళ్ళింది. కొంతసేపటికి తిరిగి వచ్చింది. ముక్కు మీద అదే పుట్టుమచ్చ, బొటనవేలి మీద అదే కాలిన మచ్చ.

"ఇటియ్యి తమ్ముడూ," అంది. "నీ చెయ్యి వణుకుతోంది. నేను తుడుస్తాను."

నిజంగానే మాచన కుడిచెయ్యి వణుకుతోంది. తుపాకి ఇచ్చాడు. ఆమె నేలమీద పడి ఉన్న గజం తీసి, గుడ్డ చుట్టి, గొట్టం మూతిలో పెట్టి గసిక్కున దించింది. మళ్ళీ లాగింది. మళ్ళీ దించింది. ఎడమచెయ్యి నడుం మీదే ఉంది.

మాచన ఆ చేతిని చూశాడు.

 పక్కకు జరిగి, కొలిమి మీద మరుగుతున్న నీళ్ళ కడవను రెండు చేతులా ఎత్తి ఆమె మీద కుమ్మరించాడు.

"పిచ్చెక్కిందా నీకు?" అని అరుస్తూ మణిధరుడు ముందుకు ఉరికాడు. ఉరికినవాడు అక్కడే ఆగిపోయాడు.

ఆమె చర్మం తడిసిన కాగితంలా జారిపోయింది. పుట్టుమచ్చ జారింది, ముక్కు జారింది. లోపలినుంచి బూడిదరంగు మనిషి బయటపడ్డాడు. కనుబొమలకు బదులు ఈకల్లాంటి మీసాలు. వీపున తడిసి ముద్దయిన పురుగు రెక్కలు. కాకోలుడి శిష్యుడు శలభుడు.

"బాగా పట్టావు ముసలాడా," అన్నాడు శలభుడు. "ఎక్కడ తప్పాను?"

"నీకెందుకు చెప్తాను?"

శలభుడు తుపాకీతో గుహ వాకిలి వైపు ఉరికాడు. వాకిలి దాటితే లోయే. కింద ఎక్కడో పాతాళధార నురగలు కక్కుతోంది. తుపాకీని గిరగిర తిప్పి లోయలోకి విసిరాడు.

మణిధరుడు దాని వెంట దూకాడు. ఆలోచించి దూకినట్టు లేదు. గాలిలో తుపాకి కర్రను ఒక చేత్తో అందుకున్నాడు, రెండో చేత్తో కొండ అంచున ఉన్న రావివేరు పట్టుకున్నాడు. వేరు కిర్రుమంది. మట్టి జారింది.

మాచన అంచున బోర్లా పడుకుని ఎడమచెయ్యి చాచాడు.

"చెయ్యి ఇవ్వు మాచనా. వేరు తెగుతోంది."

"ముందు తుపాకి ఇవ్వండి."

మణిధరుడు ఒక్క క్షణం అతని కళ్ళలోకి చూశాడు. తుపాకీని పైకి అందించాడు. మాచన దాన్ని వెనక్కి, గడ్డిమీద పడుకోబెట్టాడు. ఆ తరువాత చెయ్యి చాచి, వేరు తెగుతుండగా యువరాజును మణికట్టు పట్టుకుని లాగాడు.

అప్పటికి శలభుడు రెక్కలు ఆరబెట్టుకుని, వాళ్ళిద్దరినీ కాలితో లోయలోకి తన్నడానికి వస్తున్నాడు. తన్నేవాడే. గుహలో కొలిమి తిత్తి ఒక్కసారి బుస్సుమంది. గుహ వెనక బొగ్గుల గుంటలో కాళ్ళూ చేతులూ కట్టి పడేసిన నాగసాని దొర్లుకుంటూ వచ్చి, కట్టిన కాళ్ళతోనే తిత్తిని తొక్కుతోంది. మంట పురివిప్పిన నెమలిలా లేచింది. గుహ గోడల మీది అభ్రకం అంతా ఒక్కసారి బంగారమైంది.

శలభుడు తల అటు తిప్పాడు. తిప్పకుండా ఉండడం అతని చేతిలో లేదు. ఎంత విద్య నేర్చినా పురుగు పురుగే. రెక్కలు వాటంతటవే విచ్చుకున్నాయి. "వద్దు, వద్దు" అని తన రెక్కల్ని తానే బతిమాలుకుంటూ మంటలోకి ఎగిరాడు. చిటపటమని చప్పుడైంది. బూడిద మిగిలింది.

కట్లు విప్పగానే నాగసాని ఉమ్మేసింది. "నా చీర కట్టుకున్నాడా వాడు? ఆ బూడిద ఊడ్చి లోయలో పొయ్యండి." తరువాత తుపాకి తీసుకుని గొట్టం మూతి చుట్టూ గోరుతో తడిమింది. గోరు ఒకచోట ఆగింది. ఆమె ముఖం మారింది.

"గీసిందా?" అన్నాడు మాచన.

"గజానికి ఇసుక అంటుకుంది. వెంట్రుకంత."

 బయట ఎండ వాలింది.

నాగసాని ఇనుమును అరగదీసే కురుందపు రాతిపొడిని ఆముదంలో కలిపి బొటనవేలికి రాసుకుంది. గొట్టం మూతిలో దూది కుక్కి, పసిపిల్ల చిగుళ్ళు రుద్దినట్టు గుండ్రంగా ఆ అంచును రుద్దసాగింది. రుద్ది, తుడిచి, గోరు పెట్టి చూసి, మళ్ళీ రుద్దింది. బొటనవేలి చర్మం లేచిపోయింది. మాచన ఆమె పక్కన కూర్చుని, వీపుకు కట్టు కట్టనిచ్చాడు. కట్టింది మణిధరుడు. 

చివరికి గోరు ఎక్కడా ఆగకుండా అంచు చుట్టూ తిరిగింది. మాచన గుండు దట్టించాడు. శంఖశిల ఊదింది. కాల్చాడు.

ఈసారి గుడ్డ తేవడానికి మణిధరుడు వెళ్ళాడు. చివర్లు కొద్దిగా చీలిన గుడ్డ తెచ్చాడు. కడిగారు, తుడిచారు, చల్లారనిచ్చారు. మరో గుండు. అంచు ఒక్కచోట నలిగింది. కడిగారు, తుడిచారు, చల్లారనిచ్చారు. మాచన ఒక్కసారి కూడా తొందరపడలేదు. పడమటి కొండ మీద సూర్యుడు కాగిన రాగిచెంబులా ఎర్రబడ్డాడు. మణిధరుడి చూపు అటే పోతోంది, చేతులు మాత్రం గుడ్డలు మడతపెడుతున్నాయి.

ఆ తరువాతి గుడ్డను అతను రెండు చేతుల్లో పెట్టుకుని తెచ్చాడు. మధ్యలో గుండు ఒరిపిడి మచ్చ, చుట్టూ మసి. అంచులు ఎక్కడా చెదరలేదు. నాలుగువైపులా విచ్చుకున్న గుమ్మడిపువ్వులా ఉంది.

నాగసాని దాన్ని వెలుగుకు ఎత్తి చూసింది. "మచ్చికైంది," అంది. "పేరు పెట్టుకో తమ్ముడూ. మచ్చికైన గొట్టానికి పేరు పెట్టాలి."

"ఇది చెయ్యాల్సిన పని ఇంకా చెయ్యలేదు," అన్నాడు మాచన.

అతను తుపాకి ఎత్తుకుని ఎర్రబండ కొనకు ఎక్కాడు. మణిధరుడు మందుకొమ్ము, గుడ్డలు, వేడినీళ్ళ చెంబు పట్టుకుని వెనకాలే వచ్చాడు.

ఎదురుగా శంఖశిల. సంధ్య వెలుగు దానిమీద పసుపునీళ్ళు పోసినట్టు జారుతోంది. దొలిచిన రంధ్రాల్లో వేలవేల పిట్టల ఎముకలు ముత్యాల తోరణాల్లా వేలాడుతున్నాయి. కొనమీద నల్లరాతి పీట. పీట మీద పున్ని నిలబడి ఉంది. జడ విప్పేశారు, చేతులు వెనక్కి కట్టేశారు. తలమీద పూర్ణకుంభమంత స్ఫటికదీపం ఇంద్రధనుస్సులు చిమ్ముతోంది. ఆమె మెడ నిటారుగా ఉంది. నీళ్ళకుండ మోసే అలవాటున్న పిల్ల. కదిలితే దీపంతోపాటు తనూ పడుతుంది, కింద కత్తుల వరస ఉంది. పక్కన కాకోలుడు. కాకిరెక్కల దుప్పటి కప్పుకున్నాడు. ముఖం మాత్రం పాతికేళ్ళ కుర్రాడిది. అందులో ఆదెమ్మ ఆయుష్షు కూడా ఉంది.

వెనకనుంచి పడుతున్న ఎర్రబండ నీడ శంఖశిల మీద పైకి పాకుతోంది. నీడ పున్ని పాదాలను ముట్టింది. ఆ నీడ నడుం ఎక్కి, మెడ ఎక్కి, నుదురు దాటి, దీపం ఒక్కటే వెలుగులో మిగిలిన క్షణాన వత్తి అంటుకుంటుంది.

ఆరబెట్టి నూనె రాసిన గొట్టంనుంచి వచ్చే మొదటి గుండు ఎప్పుడూ మాట వినదు. మాచనకు తెలుసు. ఒక గుండు గాలికి కాల్చి, మళ్ళీ తుడిచి, అప్పుడు అసలుది దట్టించాలి. శంఖశిల ఊదేదాకా ఆగాడు. అది ఎంతకీ ఊదదు. నీడ మోకాళ్ళకు వచ్చింది. మాచన తుపాకి వత్తిని ఆరిపోకుండా ఊదుకుంటూ కూర్చున్నాడు. మణిధరుడి చెమట చుక్క చెంబులో పడింది.

గాలి లేచింది. రాయి బొబ్బపెట్టింది. మాచన వెనక్కి తిరిగి పడమటి లోయలోకి గుండు వదిలాడు. శంఖశిల మీద ఎవరూ తల తిప్పలేదు.

నీడ నడుం దాటింది.

మాచన గజం అందుకోబోయాడు. కుడిచెయ్యి లేవలేదు. రాబందు పట్టిన భుజం బిగుసుకుపోయింది. వేళ్ళు మీట నొక్కగలవు, అంతకు మించి ఏమీ చెయ్యలేవు. ఎడమచేత్తో మందు కొలవడమా, తుడవడమా, ఏదో ఒక్కటే చెయ్యగలడు. రెండూ చేసే వ్యవధి లేదు.

అతను తుపాకీని చూశాడు. మణిధరుణ్ణి చూశాడు.  తుపాకీని మణిధరుడి వైపు తోశాడు.

"తుడవండి," అన్నాడు.

ఎలాగో చెప్పకుండా మందు కొమ్ము తీసుకుని కొలవసాగాడు. ఓరకంట మాత్రం చూస్తూనే ఉన్నాడు.

మణిధరుడు తడిగుడ్డను గజానికి చుట్టాడు. గజాన్ని వేళ్ళతో తడిమి, ఇసుక లేదని చూసుకున్నాడు. ఎడమ అరచేతిని గొట్టం మూతికి అడ్డం పెట్టి, వేళ్ళ సందునుంచి నెమ్మదిగా దించాడు. నెమ్మదిగా లాగాడు. పొడిగుడ్డ చుట్టాడు. మళ్ళీ అరచెయ్యి. ఎంగిలి మింగడానికి కూడా ఆగలేదు, తొందరా పడలేదు.

మాచన చూపు తిప్పుకున్నాడు. క్షమించలేదు. క్షమించేది ఏమీ లేదక్కడ. ఆదెమ్మ తిరిగి రాదు. గొట్టం మాత్రం శుభ్రంగా ఉంది.

మందు పోశాడు. కొవ్వు రాసిన గుడ్డలో గుండు పెట్టాడు. మణిధరుడు దట్టించాడు. నీడ పున్ని మెడ మీదికి వచ్చింది.

మాచన తుపాకీని రాతి మీద ఆనించి, చెంప కర్రకు చేర్చాడు. శంఖశిల ఇంకా ఊదుతోంది. గాలి ఉండగా కొట్టకూడదు. గుండును గాలి తోస్తుంది. తోస్తే ఎటు తోస్తుందో అతనికి తెలుసు. దీపానికి కిందుగా ఉన్నది అతని కూతురి నుదురు.

నీడ గడ్డం ఎక్కింది. పెదాలు ఎక్కింది. కాకోలుడు రెండు చేతులూ పైకెత్తి మంత్రం అందుకున్నాడు.

"మాచనా," అన్నాడు మణిధరుడు.

"ఊపిరి బిగబట్టండి. అదీ గాలే."

నీడ కళ్ళ మీదికి వచ్చింది. గాలి సన్నగిల్లింది. రాయి గొంతు కీచుమని ఆగిపోయింది. లోయంతా ఒక్క క్షణం దేవుడి గదిలా నిశ్శబ్దమైంది.

మాచన మీట నొక్కాడు.

మందు పొగ ముఖాన్ని కప్పింది. పొగ అవతల ఏదో పగిలిన చప్పుడు వినిపించింది, గాజుల మలారం మెట్లమీద జారినట్టు. పొగ విడిపోయింది. పున్ని తలమీద దీపం లేదు. స్ఫటికపు ముక్కలు ఆఖరి కిరణంలో నిప్పురవ్వల్లా మెరుస్తూ లోయలోకి రాలుతున్నాయి. పున్ని నిలబడే ఉంది. మెడ నిటారుగానే ఉంది.

 మాచన కదలలేదు.

అక్కడ కాకోలుడి ముఖం ముడుచుకుపోతోంది. ఒక్కొక్క ముడతా ఒక్కొక్కరి ఆయుష్షు వదిలిపోయిన గుర్తులా పడుతోంది. జుట్టు నెరిసింది, నడుం వంగింది, పళ్ళు రాలాయి. అయినా వాడు చావలేదు. ముసలి గొంతుతో ఒక కేక వేశాడు. తప్పించుకుపోయిన ఆ రాబందు రాతి సందునుంచి లేచి వాడి ముందు వాలింది. కాకోలుడు దాని మెడమీదికి ఎక్కి, పున్ని జుట్టు చేతికి చుట్టుకుని, ఆమెను అడ్డంగా తన ముందు వేసుకున్నాడు. రాబందు లోయలోకి దూకింది.

"పోతున్నాడు," అన్నాడు మణిధరుడు లేచి నిలబడి. "ఉత్తరానికి పోతున్నాడు మాచనా."

"పోలేడు." మాచన కళ్ళు పక్షి మీదే ఉన్నాయి. "రెండు బరువులు మోస్తోంది. ఒక్కసారిగా పైకి లేవలేదు. లోయలో ఒక చుట్టు తిరిగి, మన ముందునుంచే ఎక్కాలి."

రాబందు రెక్కలు బరువుగా కొట్టుకుంటూ లోయ మలుపు తిరిగింది. దాని ఇత్తడి ముక్కు ఇటు తిరిగింది. పున్ని తల ఒకవైపు వేలాడుతోంది, దానికి మూరెడు ఎడంలో కాకోలుడి ఎముకలు తేలిన ఛాతీ ఉంది. దగ్గరయ్యేకొద్దీ పక్షి పెద్దదవుతోంది.

మాచన చూపు తిప్పకుండానే ఎడమచెయ్యి పక్కకు చాచాడు. గుడ్డ అడగడానికి నోరు తెరిచాడు.

గుడ్డ అప్పటికే మణిధరుడి చేతిలో ఉంది. తడిపి, పిండి, మడత పెట్టి ఉంది. తుపాకి రాతి మీదనుంచి లేచింది. మణిధరుడి అరచెయ్యి గొట్టం మూతి మీద పడింది.